పొలిమేర మీద ఎర్ర పెట్టె

ఇప్పలపాడు కొత్వాలు బిజ్జా తన జీవితంలో సర్కారు ఆజ్ఞను మనస్ఫూర్తిగా, డప్పు కొట్టే చెయ్యి వాచేదాకా అమలు చేసింది ఒక్కసారే. అందుకే ఉద్యోగం పోయింది.

బస్తరు ఇంకా సంస్థానంగా ఉన్న రోజులవి. సముద్రాల అవతల ఎక్కడో యుద్ధం జరుగుతోంది. యుద్ధానికి రైళ్లు, రైళ్లకు పట్టాలు, పట్టాల కిందికి చెక్క స్లీపర్లు కావలసి వచ్చాయి. అందుకని శబరిలో కలిసే వాగుల వెంట అడవి పలచబడుతూ వస్తోంది. అలాంటి ఒక వాగు ఒడ్డున ఇప్పలపాడు ఉంది. దోర్ల వాళ్ల గూడెం. జొన్న, కొర్ర, ఇప్పపువ్వు, చింతపండు వాళ్ల బతుకు. ఇంట్లో దోర్లీ, అంగట్లో తెలుగు, ఠాణాలో హిందీ. ఠాణాలో మాట్లాడే అవసరం రాకుండా చూసుకోవడం ఊరందరి ఆశయం. ఆ అవసరాన్ని ఊరందరి తరఫునా మోసేవాడు బిజ్జా.

కొత్వాలు పని తండ్రి నుంచి వచ్చింది. ఊళ్లో పుట్టినవాళ్లను, పోయినవాళ్లను ఠాణాకు వెళ్లి చెప్పాలి. అక్షరాలు రావు కనుక పుట్టుకకు ఇప్పగింజ, చావుకు చింతగింజ పంచె కొంగున కట్టుకుని వెళ్లేవాడు. అధికారులు క్యాంపుకు వస్తే వాళ్ల పరుపులు మొయ్యాలి. సర్కారు ఏదైనా ఆజ్ఞ ఇస్తే డప్పు వేసి చెప్పాలి. అప్పటిదాకా బిజ్జా డప్పు వేసి చెప్పిన ఆజ్ఞలన్నీ ఒకే తీరుగా ముగిసేవి. పోడు కొట్టవద్దు. సారా కాయవద్దు. వెదురు నరకవద్దు. ఊరు వినేది, తల ఊపేది, తన పని తాను చేసుకునేది. బిజ్జా కూడా డప్పు దించి పోడుకు వెళ్లేవాడు.

అతనికి పెళ్లాం లేదు. కాన్పులో పోయింది. మిగిలిన ఒక్కతే కూతురు మంగిని అదే వాగు శబరిలో కలిసే చోట ఉన్న రేవుగూడేనికి ఇచ్చాడు. అల్లుడు జోగా చేపలు పడతాడు. మంగి ఆ ఏడు మొదటి కాన్పుకు సిద్ధంగా ఉంది. వాగు తన ఊరి ముందు నుంచి వెళ్లి కూతురి ఊళ్లో ఆగుతుందని బిజ్జాకు ఆ వాగంటే ఇష్టం. ఏదైనా పంపాలనిపిస్తే ఇప్పాకు దొప్పలో పెట్టి నీళ్లలో వదిలేవాడు. చేరేది కాదు. అయినా వదిలేవాడు.

ఆ ఎండాకాలం నీళ్ల ఆజ్ఞ వచ్చింది.

అది మంచి చట్టం. వెక్కిరింతగా అనడం లేదు. గత్తర, అంటే కలరా, వచ్చే సూచన కనిపిస్తే బావుల్లో మందు కలపాలి. తాగే నీటిలో స్నానం చేయరాదు, బట్టలు ఉతకరాదు, పశువులను దింపరాదు. శవాలను వాగుకు దూరంగా పూడ్చాలి. ఏటిలో చీపురుపుల్ల సైతం వేయరాదు. తప్పితే జరిమానా, కట్టకపోతే జైలు. జగదల్‌పూర్‌లో ఎవరో నిజంగానే జనం చచ్చిపోకూడదని కూర్చుని రాసిన ఆజ్ఞ అది. రాసినవాళ్లు దక్షిణాన ఊళ్లు ఏం తాగి బతుకుతున్నాయో చూడలేదు. అంతే తేడా.

దోర్నపాల్ అంగడి రోజున టీకాలు వేసే రాఘవులు కొత్వాళ్లందరినీ చింతచెట్టు కింద కూర్చోబెట్టాడు. రాఘవులు భద్రాచలం వైపు మనిషి. సంస్థానంలో టీకాల ఉద్యోగానికి వచ్చాడు. ఊళ్లవాళ్లు సూదిబాబు అంటారు. అతని పక్కన ఒక రేకు పెట్టె ఉంది. ఎర్రరంగు పూసి, తాడుతో బిగించి, ముడి మీద లక్క ముద్ర వేశారు.

"అందరు ఇటు వినుర్రి," అన్నాడు రాఘవులు. "గత్తర వచ్చేటట్టున్నది. సర్కారు ముందుగాల్నే మందు పంపింది. ఒక్కో ఊరు బావిల ఒక్క పొట్లం వేసుకోవాలె. వేసుకుని పెట్టెను పక్క ఊరి కొత్వాలుకు పొలిమేర కాడ అప్పజెప్పాలె. యాడ గూడ ఆపొద్దు. తెల్సిందా?"

"తెల్సింది," అన్నారు అందరూ.

"ఏం తెల్సింది? బిజ్జా, నువ్వు జెప్పు."

"పొలిమేర కాడ అప్పజెప్పాలె. యాడ ఆపొద్దు."

"దానికంటే ముందు?"

"బావిల వెయ్యాలె. మాకు బావి లేదు బాబూ."

రాఘవులు మిగతావాళ్ల వైపు చూశాడు. ఎవరికీ లేదు. వాగు ఇసుకలో చెలమ తవ్వుకుని, ఊరిన నీళ్లు సొరకాయ బుర్రతో ముంచుకుని తాగుతారు. అంతమంది కొత్వాళ్లకు తెలిసిన బావి ఒక్కటే. అది దోర్నపాల్‌లో షావుకారు దశరథరామయ్య పెరట్లో ఉంది. దాని మీద తలుపు, తలుపుకు తాళం ఉన్నాయి.

రాఘవులు కాగితం రెండువైపులా తిప్పి చూశాడు. "ఇందుల బావి అనే ఉన్నది. బావి లేనోళ్లు ఏం జేయాల్నో లేదు. నేను పైకి రాసి అడుగుత. జవాబు వచ్చినంక చెప్త. పెట్టె మాత్రం ఆగొద్దు."

బిజ్జా లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. "బాబూ, ఇంకొక్కటి. మా ఊరికి పైన వాగు మీద స్లీపర్ల క్యాంపు ఉన్నది గదా. ఎంతమందో కూలోళ్లు. ఆళ్లంత వాగుల్నే కూసుంటరు, వాగుల్నే కడుక్కుంటరు. ఆ నీళ్లే మాకొస్తయ్. ఆళ్లకు ఈ ఆర్డర్ ఉన్నదా?"

"అది ఠేకా, గుత్తకిచ్చిన పని," అన్నాడు రాఘవులు. "ఊరు గాదు. ఆర్డర్ల ఊరు అని ఉన్నది."

"మరి ఏట్ల చీపురుపుల్ల వెయ్యొద్దంటివి. ఆళ్లు దుంగలే వేస్తున్నరు."

"దుంగలు సర్కారుకు పోతయ్ బిజ్జా. చీపురుపుల్ల యాడికి పోతది?"

కొత్వాళ్లు నవ్వారు. రాఘవులు కూడా నవ్వాడు. చెడ్డవాడు కాదు. నెల జీతం మీద బతికే మనిషికి కాగితంలో ఉన్నంతే కనిపిస్తుంది.

బిజ్జా పెట్టెను నెత్తిన పెట్టుకుని ఊరి దారి పట్టాడు. నడుస్తూ ఆలోచించాడు. రోగం వచ్చేటట్టుంది. ఎర్రటి పెట్టె. ముడి వేసి, ముద్ర వేసి ఉంది. పొలిమేరలో అప్పజెప్పాలి. ఎక్కడా ఆపకూడదు. సగం దారిలో అతనికి విషయం పూర్తిగా అర్థమైంది. అర్థమయ్యాక పెట్టెను నెత్తి మీద నుంచి దించి, కొమ్మకు కట్టి, ఒంటికి తగలకుండా మోసుకొచ్చాడు.

ఈ విషయం ఆ పక్క ఊళ్లలో చంటిపిల్లకూ తెలుసు. ఊళ్లోకి పెద్ద రోగం వస్తే వడ్డె, అంటే దేవుళ్ల పని చూసే పూజారి, దాన్ని బతిమాలి కొత్త గంపలో కూర్చోబెడతాడు. ఎర్ర గుడ్డ కప్పుతాడు. పసుపు బియ్యం, పాత చీపురు, పగిలిన కుండపెంకు పక్కన పెడతారు. ఊరంతా డప్పులతో పొలిమేర దాకా వెళ్లి, గట్టుకు అవతలి వైపు గంప దించి, వెనక్కి చూడకుండా వచ్చేస్తారు. పక్క ఊరివాళ్లు డప్పు విని తమ డప్పుతో ఎదురు వస్తారు. గంప నేల మీద కుదురుకోకముందే ఎత్తుకుని తమ అవతలి పొలిమేరకు చేరుస్తారు. ఎవరూ గంప విప్పరు. ఎవరూ కోప్పడరు. నిన్న వాళ్లు మనకు ఇచ్చారు, ఇవాళ మనం వీళ్లకు ఇస్తాం. ఆఖరి ఊరు దాన్ని ఏట్లో వదులుతుంది. ఏరు తీసుకుపోతుంది.

"ఇన్నేండ్లకు సర్కారుకు బుద్ధొచ్చింది," అన్నాడు బిజ్జా, పెట్టెను వడ్డె ముందు దించి. "రోగాన్ని ఎట్ల పంపాల్నో నేర్చుకున్నది. ముద్ర గూడ వేసింది."

వడ్డె గంగా ముసలివాడు. పెట్టె చుట్టూ తిరిగాడు. "గంప ఏది మరి?"

"రేకుతో చేసిర్రు. రాజులు గదా."

"పసుపు బియ్యం వేసిర్రా?"

"లోపల ఏదో గలగలమంటున్నది. వేసే ఉంటరు."

ఊరి పెద్ద పటేల్ ఇర్మాకు ఒక అనుమానం వచ్చింది. "బావిల వెయ్యాలె అన్నడంటివి గదా?"

"బావి ఉన్న ఊళ్లు ఇంత దించుకోవాలె గావొచ్చు. మనకు బావి లేదు. బతికిపోయినం," అన్నాడు బిజ్జా.

ఆ రోజు ఇప్పలపాడు ఆడామగా పొలిమేరకు నడిచింది. సర్కారు ఆజ్ఞకు ఊరు ఊరంతా కదలడం అదే మొదలు. బిజ్జా డప్పు వేస్తూ ముందు నడిచాడు. పక్క ఊరు ఎదురొచ్చింది, అందుకుంది. దాని పక్క ఊరు అందుకుంది. పరుపులు మోయడానికి పిలిస్తే అడవిలో మాయమయ్యే మనుషులు ఈ పెట్టె కోసం చేలో పని ఆపి పరుగెత్తుకొచ్చారు.

పెట్టె ఇంత వేగంగా ఊళ్లు తిరుగుతోందని రాఘవులు విని ఆశ్చర్యపోయాడు. ఆనందంగా పైకి రాశాడు. పైవాళ్లు ఇంకా ఆనందపడి మరికొన్ని పెట్టెలు పంపారు. బావి లేనివాళ్ల గురించి అడిగిన ప్రశ్నకు మాత్రం జవాబు రాలేదు. కొత్త పెట్టెలు మొదటి పెట్టె వెళ్లిన దారినే వెళ్లాయి. ఒక్కదాని తాడు కూడా ఎవరూ విప్పలేదు.

పెట్టెలన్నీ రేవుగూడెం చేరి ఆగిపోయాయి.

రేవుగూడెం ఆఖరి ఊరు. మామూలుగా అయితే గంపను చిన్న తెప్ప మీద పెట్టి శబరిలో వదిలేవాళ్లు. ఈసారి సర్కారు ఏట్లో ఏమీ వేయవద్దంది. నది అవతలి ఒడ్డు ఇంగ్లీషువాళ్ల రాజ్యం. అయినా రేవుగూడెం వడ్డె వదిలిన ఒక ఎర్ర పెట్టె తేలుతూ వస్తే అక్కడి జవాన్లు కర్రతో తోసి తిప్పి పంపారు. దాన్ని ఏట్లో వేసినందుకు వడ్డెను ఇవతలి ఠాణా జవాను పట్టుకుని చెంప వాయించి, తడిసిన పెట్టెను మళ్లీ ఒడ్డుకు పట్టించాడు. ఆ పక్కనే స్లీపర్ల తెప్పలు వరసగా దిగువకు పోతున్నాయి.

దాంతో పైన ఉన్న ఊళ్లన్నీ పంపిన రోగం రేవుగూడెం పొలిమేరలో ఒకదాని మీద ఒకటి పేర్చి ఉండిపోయింది.

గత్తర నిజంగానే వచ్చింది. అది పెట్టెల్లో రాలేదు. క్యాంపు నుంచి వాగు వెంట దిగింది. ఇప్పలపాడులో పటేల్ ఇర్మా తమ్ముడు పోయాడు. మధ్య ఊళ్లలో కొందరు పోయారు. బిజ్జా కొంగులో చింతగింజలు పెరిగాయి. రేవుగూడెంలో ఒక ఇంట్లో తల్లీ కొడుకూ ఒకే పూట పోయారు.

ఆ కబురు అంగట్లో తెలిసింది. రేవుగూడెం నుంచి ఎండుచేపలు అమ్మడానికి వచ్చే సన్నే అనే ఆమె బిజ్జాను చూసి గంప కిందికి దించింది.

"ఓ బిజ్జన్నా, నీ డప్పు మా ఊరి దాక ఇనపడ్డది గదా!"

"ఏమైంది చెల్లె?"

"ఏమైంది అంటున్నవా? ఊళ్లన్నిటి రోగం తెచ్చి మా నెత్తిన పెడితిరి. ఎవలు మొదలు పెట్టిర్రు అని అడిగిర్రు మావోళ్లు. ఇప్పలపాడు కొత్వాలు డప్పుతోని మొదలైంది అన్నరు. ఆని బిడ్డ మన ఊళ్లనే ఉన్నది గదా అన్నరు." సన్నే గొంతు తగ్గించింది. "మంగిని ఊళ్లకెళ్లి తీసిర్రు. పొలిమేరల గుడిసె వేసి, ఆ పెట్టెల కాడ కూసోబెట్టిర్రు. ఆడనే కాన్పు అయితదో, ఆడనే గత్తర అయితదో. నెలలు నిండినయ్ పిల్లకు."

బిజ్జా నేరుగా రాఘవులు దగ్గరికి వెళ్లాడు. రాఘవులు సూదులు ఉడికిస్తున్నాడు.

"బాబూ, ఆ పెట్టెల రోగాన్ని వెనక్కి తీసుకునే ఉపాయం ఏమన్న ఉన్నదా?"

"ఏ రోగం?"

"పెట్టెల ఉన్నది."

రాఘవులు సూదులు పక్కన పెట్టాడు. "పెట్టెల మందు ఉన్నది బిజ్జా. నేరేడుపండు రంగు తేలే మందు. విప్పలేదా?"

"ఎవలన్న విప్పుతరా బాబూ?"

"ఒక్కటి గూడ?"

"ముద్ర వేసి ఇస్తిరి. పొలిమేర దాటించమంటిరి. ఆపొద్దంటిరి. ఆపలే."

రాఘవులు బల్ల మీద కూర్చున్నాడు. ఆ నీళ్లన్నిటిలో మందు కలిపినట్టు తాను రాసిన రిపోర్టు అతనికి గుర్తొచ్చి ఉంటుంది. "నేను వస్తే రాయాల్సి వస్తది. రాస్తే ఇద్దరి కొలువూ పోతది. నువ్వే పో. విప్పి కలుపుర్రి."

"చెలమల కలపొచ్చునా?"

"దానికి పైనుంచి జవాబు రాలే ఇంకా." రాఘవులు తల గోక్కున్నాడు. "కలుపు. నీళ్లు లేత గులాబీ రంగు తిరిగితే చాలు, ఎక్కువొద్దు. నేను చెప్పినట్టు మాత్రం చెప్పకు."

రేవుగూడెం పొలిమేరలో తునికి కొమ్మలతో వేసిన గుడిసె ముందు మంగి ఒక ఎర్ర పెట్టె మీద కూర్చుని ఉంది. మరో పెట్టె మీద అంబలి కుండ పెట్టుకుంది. తండ్రిని చూసి లేవలేదు. లేచే స్థితిలో లేదు.

"వచ్చినవా నాయినా? నువ్వు పంపినయ్ అన్ని అందినయ్," అంది పెట్టెలు చూపించి. "ఇప్పాకు దొప్పలే అందలే ఎన్నడూ."

బిజ్జా ఆమె ముందు కూలబడ్డాడు. "అందుల మందు ఉన్నదంట బిడ్డా."

"నాకెరికే."

"నీకెట్ల ఎరుక?"

మంగి చేతులు చాపింది. వేళ్లు గోధుమరంగులో మరకలు కట్టి ఉన్నాయి. "పక్కన కూసోబెట్టినంక ఇంక నాకు భయమేంది? ఒకటి విప్పిన. నల్లగ, రాళ్లుప్పు లెక్క ఉన్నది. నీళ్లల్ల పడితే ఎర్రగయింది. తాగిన. వగరు. మందో రోగమో దానికే తెల్వాలె. నేనైతే బాగనే ఉన్న."

"మరి ఊరోళ్లకు చెప్పకపోయినవ్?"

"చెప్పిన. అమ్మోరు నీ మీద దయగ ఉన్నది, నువ్వు ఈడనే ఉంటే ఆమె ఈడనే ఉంటది, ఊళ్లకు రాదు అన్నరు. ఇంకో తట్ట బియ్యం గూడ తెచ్చిచ్చిర్రు." మంగి నడుము పట్టుకుని కదిలి కూర్చుంది. "నాయినా, ఈ పోరగాణ్ని పొలిమేరల కనను. నువ్వు పెట్టినవ్, నువ్వే ఎత్తు."

అల్లుడు జోగా, అతని తల్లి బుధ్రి, ఆ ఊరి వడ్డె పొలిమేర గట్టుకు అవతలి వైపు నిలబడి మాట్లాడారు. గట్టు దాటి రాలేదు.

"ఇది మందు," అన్నాడు బిజ్జా.

"మందైతే పొలిమేరల ఎందుకు పెట్టిర్రు?" అన్నాడు వడ్డె. అది న్యాయమైన ప్రశ్న.

"వదినె, నువ్వన్న చెప్పు," అన్నాడు బిజ్జా బుధ్రితో.

"ఏం జెప్పాలె అన్నా? నా కోడల్ని నేను ఎళ్లగొట్టిన్నా? రోజూ గట్టు మీదికెల్లి అంబలి అందిస్తున్న. ఆ పెట్టెలు పోతే పిల్లను నేనే ఎత్తుకపోత."

"పెట్టెలు పోతే పిల్ల ఇంట్లకొస్తదా?" బిజ్జా వడ్డెను చూసి అడిగాడు.

వడ్డె ఆలోచించాడు. "పోతే వస్తది. పోవుడు యాడికి? ఏరు వద్దన్నది. వెనక్కి ఎవడూ తీసుకోడు."

"వెనక్కే తీసుకపోత."

రోగాన్ని వెనక్కి తీసుకుపోయినవాణ్ని ఆ ఊళ్లలో ఎవరూ చూడలేదు. తాతలు చెప్పిన కథల్లో కూడా లేడు.

"ఇంకొక్క మాట," అన్నాడు బిజ్జా. "ఎత్తుకపోయే ముందు ఒక్క పొట్లం మీ చెలమల కలుపుత."

"ఎందుకు?"

"కలపకపోతే ఎత్తుకపోను."

కావడికి అటూ ఇటూ పెట్టెలు కట్టుకుని బిజ్జా కదిలేసరికి బుధ్రి గట్టు దాటి వచ్చి కోడలి చంకల కింద చేతులు వేసి లేపింది. మంగి విప్పిన పెట్టెను చూపించింది. "అది నాకుండనీ. ఖాళీ చేసి ఇయ్యి." బిజ్జా అందులో మిగిలిన పొట్లాలు తీసుకుని పెట్టె ఆమెకు వదిలేశాడు.

పైకి వెళ్లే దారిలో ప్రతి ఊరి పొలిమేరలోనూ జనం కర్రలతో ఎదురొచ్చారు. పెట్టెలు వెనక్కి వస్తున్నాయన్న వార్త అతని కంటే ముందు చేరింది. ప్రతిచోటా బిజ్జా కావడి భుజం మీదే ఉంచుకుని ఒకే మాట చెప్పాడు.

"నేను ఆగను. మీకు ఇయ్యను. ఇందులకెళ్లి ఇంత చెలమల కలుపుకుని దారి ఇయ్యుర్రి. కలుపుకోకుంటే కావడి ఈడనే దించుత."

పొలిమేరలో దించింది ఆ ఊరిదే. అందరికీ తెలిసిన న్యాయం. మొత్తం రోగం నెత్తిన పడడం కంటే పొట్లమంత పుచ్చుకోవడం నయమని ప్రతి ఊరూ తేల్చుకుంది. ఒక్కటే షరతు పెట్టారు: "ముందు నువ్వు తాగు." బిజ్జా తాగాడు. పొట్లం విప్పి, చెలమలో చిటికెడు వేసి, నీళ్లు రంగు తిరిగాక దోసిలి పట్టి తాగాడు. అలా ఊరూరా తాగుతూ ఇప్పలపాడు చేరేసరికి అతని పళ్లు, పెదవులు, మీసాలు గోధుమరంగు తిరిగాయి. సంస్థానం నీళ్ల చట్టం ఆ వాగు మీద అమలైన తీరు ఇదీ. దీన్ని ఎక్కడా ఎవరూ రాసుకోలేదు.

ఇప్పలపాడులో మందు కలిపాక ఒక్క పెట్టె మిగిలింది. బిజ్జా వడ్డె గంగా ఇంటి ముందు దాన్ని దించాడు.

"ఇది?" అన్నాడు గంగా.

"మందే. కానీ మన చెలమల మందు ఎన్ని దినాలు ఉంటది? పైనుంచి రోజూ వస్తనే ఉన్నది. నా బిడ్డ ఆ నీళ్లే తాగి కనాలె. గంప ఉన్నదా నీ దగ్గర?"

గంగా అతని ముఖం వైపు చూశాడు. లోపలికి వెళ్లి కొత్త గంప, ఎర్ర గుడ్డ, పాత చీపురు తెచ్చాడు.

స్లీపర్ల క్యాంపు వాగుకు ఆనుకుని ఉంది. కూలీల గుడిసెలు నీళ్ల అంచు దాకా ఉన్నాయి. క్యాంపులో పోయినవాళ్లను వాగు ఇసుకలోనే, చేతికి అందేంత లోతులో పూడ్చారని అక్కడికి వెళ్లినవాళ్లందరికీ ముక్కుతో తెలిసింది. ఠేకేదారు ఎక్కడో పట్నంలో ఉంటాడు. అతని తరఫున మునీము శ్రీరంగం కూలీల హాజరు చూస్తాడు. మధ్యాహ్నం, కూలీలు గొడ్డళ్లు పక్కన పెట్టి అంబలికి కూర్చున్న వేళ, ఇప్పలపాడు డప్పులతో వచ్చింది. బిజ్జా పెట్టె పెట్టిన గంపను గుడిసెలకు ఎదురుగా, వాగుకు దూరంగా దించాడు. ఎర్ర గుడ్డ సర్దాడు.

శ్రీరంగం గొడుగు వేసుకుని పరుగెత్తుకొచ్చాడు. "ఏందిరా ఇది? ఎవడు పెట్టమన్నడు?"

"సర్కారు పెట్టె బాబూ. గత్తర మందు."

"మందైతే ఊళ్లకు. ఇది ఠేకా. తియ్యి!"

కూలీలు అప్పటికే లేచి నిలబడ్డారు. వాళ్లు ఆ చుట్టుపక్కల గోండులు, నది అవతలివాళ్లు. డప్పు, గంప, ఎర్ర గుడ్డ, చీపురు. ఎవరూ వాళ్లకు ఏమీ చెప్పనక్కర లేదు. ఒకడు అంబలి దొప్ప కింద పెట్టి గుడిసెలోకి వెళ్లి కుండ సర్దుకోవడం మొదలుపెట్టాడు.

"ఆగుర్రి! మందురా అది, మందు!" అని అరిచాడు శ్రీరంగం.

"మందైతే నువ్వు తాగు మునీము బాబూ," అన్నాడు గుంపులోంచి ఎవడో.

శ్రీరంగం గంప వైపు చూశాడు. బిజ్జా గోధుమరంగు పళ్ల వైపు చూశాడు. తాగలేదు.

పొద్దు వాలేసరికి క్యాంపు ఖాళీ అయింది. జబ్బుపడ్డవాళ్లను తోటివాళ్లు మంచాల మీద మోసుకుపోయారు. వాళ్లు గత్తరను ఏయే ఊళ్లకు మోశారో, దారిలో ఎందరు పోయారో తెలియదు. ఠేకా కూలీలకు కొత్వాలు ఉండడు. వాళ్ల కోసం కొంగున గింజ కట్టేవాడు లేడు. ఈ సంగతి తరువాత బిజ్జాకు తట్టింది. తట్టినప్పుడల్లా మాట మార్చేవాడు.

స్లీపర్లు ఆగాయి కనుక ఈసారి పైనుంచి జవాబు వెంటనే వచ్చింది. బిజ్జాను తాలూకా అధికారి ముందు నిలబెట్టారు. పక్కన రాఘవులు చేతులు కట్టుకుని నేల చూస్తున్నాడు.

"పెట్టె క్యాంపు దగ్గర ఎందుకు పెట్టావు?"

"గత్తర ఆడికెళ్లే వస్తున్నది సాబ్. వచ్చిన కాడికి పంపిన."

"క్యాంపు ఊరు కాదని తెలియదా?"

"తెల్సు సాబ్. సూదిబాబు చెప్పిండు."

"తెలిసీ పెట్టావా?"

"నీళ్లకు తెల్వదు గదా సాబ్."

అధికారికి కోపం వచ్చినట్టు లేదు. అతను రోజుకు ఎన్నో వినేవాడు. సర్కారు ఆదాయానికి నష్టం కలిగించినందుకు కొత్వాలు పని నుంచి తీసేస్తున్నట్టు చెప్పి, తరువాతి మనిషిని పిలవమన్నాడు. నీళ్లను పాడు చేసినందుకు ఆ తాలూకాలో ఆ ఏడు శిక్ష పడిన మనుషుల్లో రేవుగూడెం వడ్డె ఒకడు, వాగులో గోచీ ఉతుక్కున్న ముసలివాడు ఒకడు. ఠేకేదారు పేరు ఎవరూ పలకలేదు. పలకడానికి ఆజ్ఞలో చోటు లేదు.

పని పోయాక బిజ్జా భుజాన ఏ బరువూ లేకుండా రేవుగూడెం దాకా నడిచాడు. మంగి అత్తగారింట్లో, పొయ్యి పక్కన, ఆడపిల్లను కన్నది. పొలిమేరలో కాదు. చెలమ నీళ్లు కాచి పోశారు. బిజ్జా అలవాటు కొద్దీ ఒక ఇప్పగింజ తీసి కొంగున ముడి వేసుకున్నాడు. ఠాణాలో చెప్పే పని ఇక తనది కాదని గుర్తొచ్చి, ముడి విప్పబోయి, ఉండనిచ్చాడు. ఎర్ర రేకు పెట్టెలో పాత గుడ్డలు పరిచి మంగి పిల్లను పడుకోబెట్టింది.

"ఊరోళ్లు ఏమన్నరు?" అని అడిగాడు.

"అమ్మోరు పెట్టెల పిల్ల అంటున్నరు. ముట్టుకోనీకి భయపడుతున్నరు. మంచిదే, దిష్టి తగలదు."

వానలు పడి, వాగు పొంగి, ఇసుకలో ఉన్నదంతా కొట్టుకుపోయింది. మరుసటి ఎండాకాలానికి నీళ్ల ఆజ్ఞ మళ్లీ వచ్చింది. ఈసారి సవరించి పంపారు. ఇప్పలపాడు కొత్త కొత్వాలు మాసా డప్పు వేసి చదివాడు. పాతవన్నీ ఉన్నాయి. బావి అనే ఉంది. ఠేకా అనే మాట ఈసారీ లేదు. కొత్తగా ఒక్కటి చేర్చారు: సర్కారు వారి మందు పెట్టెలను ఏ పొలిమేరలోనూ, ఏ క్యాంపు సమీపంలోనూ, డప్పులతో గాని డప్పులు లేకుండా గాని దించరాదు.

ఆ వారంలోనే పైన వాగు మీద కొత్త గుడిసెలు లేచాయి. కొత్త కూలీలు, ఈసారి దూరం నుంచి తెచ్చినవాళ్లు. నీళ్లలో మళ్లీ క్యాంపు మురికి కనిపించింది. పటేల్ ఇర్మా, వడ్డె గంగా వచ్చి బిజ్జా గుమ్మం ముందు కూర్చున్నారు. చాలాసేపు ఇప్పపువ్వు గురించి మాట్లాడారు.

"గంప నా కాడ ఉన్నది. పెట్టె ఏమన్న ఉన్నదా?" అన్నాడు చివరికి గంగా.

"నా దగ్గర లేదు. నా మనమరాలు పండుకుంటున్నది అందుల."

బిజ్జా అంగట్లో సన్నేతో కబురు పంపాడు. పెట్టె కావాలని చెప్పలేదు. క్యాంపు మళ్లీ వచ్చిందని మాత్రం చెప్పమన్నాడు. ఆ వాగు ఆఖరుకు ఎక్కడికి పోతుందో మంగికి ఒకరు చెప్పనక్కర లేదు.

తరువాతి అంగడికి సన్నే ఎండుచేపల గంపతో పాటు పెట్టెను కూడా మోసుకొచ్చింది. రంగు కొంత ఊడింది. లోపల పిల్ల వాసన ఇంకా ఉంది.

"నీ బిడ్డ కడిగి ఇచ్చింది," అంది సన్నే, దించుతూ. "ఏట్ల కడగలేదని చెప్పమన్నది. ఒడ్డు మీదనే, దూరంగ, బిందెతోని నీళ్లు తెచ్చి కడిగిందంట. ఆర్డర్ ఉన్నది గదా అన్నది."